మన ఫొటో అందరి పేజీల్లో ఉంది, మన కాగితం ఎవరి దగ్గర ఉంది?

 

ఆగస్టు 9 వచ్చిందంటే మన ఫోన్లకు ఊపిరాడదు. కొమురం భీం బొమ్మ, బిర్సా ముండా బొమ్మ, గుస్సాడీ టోపీలు, కొమ్ముకోయ ఆట వీడియోలు, డోలు చప్పుడు. ఆ రోజు స్టేటస్ పెట్టనోడు ఆదివాసీయే కాదన్నట్టు ఉంటది. పెట్టాలి, తప్పేం లేదు. ఏడాదికి ఒక్కరోజైనా మన మొహం మనం చూసుకుని గర్వపడాలి. కానీ ఆగస్టు 10న మన పేజీల్లో ఏముంటుందో ఎప్పుడైనా గమనించారా? గుడ్ మార్నింగ్ పువ్వులు, పుట్టినరోజు కేకులు, ఎవరో లీడర్‌కు శాలువా కప్పుతున్న ఫొటో. పోడు దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఉండదు. గ్రామసభ తీర్మానం కాపీ ఉండదు. పోయిన నెల ఐటీడీఏలో ఇచ్చిన వినతిపత్రానికి జవాబు వచ్చిందో లేదో ఉండదు.

ఇంకో పక్క, మన గూడేల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థల పేజీలు తెరిచి చూడండి. అక్కడ మనమే ఉంటాం. పచ్చబొట్టు పొడిచిన అవ్వ మొహం దగ్గర్నుంచి తీసిన ఫొటో. చొక్కా లేని పిల్లగాడు కెమెరా వైపు చూస్తున్న ఫొటో. కింద ఇంగ్లీషులో నాలుగు లైన్లు, ఆ కింద విరాళం ఇవ్వండని ఒక బటన్. ఆ అవ్వ పేరుండదు. ఆ గూడెం ఏం అడిగిందో ఉండదు. ఆ ఫొటో చూసి వచ్చిన డబ్బుతో ఏం చేశారో అసలే ఉండదు.

అంటే మన పేజీల్లో పండగ, వాళ్ళ పేజీల్లో మన పేదరికం. మన పని మాత్రం రెండింట్లోనూ లేదు. నేను రాయాలనుకున్నది దీని గురించే. మన సంఘాలు కానీ, మనకు తోడుగా ఉంటామనే సంస్థలు కానీ ఫోన్‌ను, ఇంటర్నెట్‌ను మైకులాగా మాత్రమే చూస్తున్నాయి. ఎంత దూరం వినపడింది, ఎన్ని లైకులొచ్చాయి, ఇదే లెక్క. నా అభిప్రాయం వేరు. సంఘానికి ఫోన్ ముందు రిజిస్టర్ కావాలి, ఆ తర్వాతే మైకు. రిజిస్టర్‌లో ఏమీ లేనోడు మైకు పట్టుకుంటే అరుపు తప్ప ఏం వస్తుంది?

పోడు విషయమే తీసుకుందాం. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమి మీద హక్కు అడగొచ్చని మనందరికీ తెలుసు. గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ, ఆ పైన సబ్ డివిజన్ కమిటీ, ఆ పైన జిల్లా కమిటీ. ఈ మెట్లు కూడా చాలామందికి నోటికి వచ్చు. కానీ గూడెంలో ఏ ఇంటికైనా పోయి అడగండి. దరఖాస్తు పెట్టారా తాతా అంటే పెట్టామంటారు. రసీదు ఏదంటే, ఇవ్వలేదంటారు. లేదా ఇంటి కప్పు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీస్తారు. వానకు తడిసి, అక్షరాలు కరిగి, సగం చెదలు తిన్న కాగితం ఒకటి బయటికొస్తది. తెలంగాణలో 2021 చివర్లో మళ్ళీ దరఖాస్తులు తీసుకున్నప్పుడు కూడా, అంతకుముందు 2008 తర్వాత పెట్టిన దరఖాస్తు ఏమైందో తెలియకుండానే చాలామంది కొత్తది పెట్టారు.

ఇది చిన్న విషయం కాదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు గుర్తుందా? దరఖాస్తు తిరస్కరించిన వాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించాలని. దేశమంతా లక్షల కుటుంబాల మెడ మీద కత్తి. దేశమంతా గొడవ లేచాక, అదే నెల 28న ఆ ఉత్తర్వును నిలిపేశారు. అప్పుడు పైకి తేలిన మాట ఏంటంటే, చాలాచోట్ల తిరస్కరించిన సంగతే హక్కుదారుకు చెప్పలేదు, కారణం రాసివ్వలేదు, అప్పీలుకు అవకాశమే లేకపోయింది. చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. దాని మీద పై కమిటీకి పోవడానికి 60 రోజుల గడువుంటది. ఆ 60 రోజులు ఎప్పుడు మొదలైనట్టు? కాగితం చేతికొచ్చిన రోజు. కాగితమే రాకపోతే? రాలేదని నిరూపించేది ఎట్లా?

ఇక్కడ ఫోన్ పని మొదలవుతది. దరఖాస్తు ఇచ్చిన రోజే దాని ప్రతి పేజీ ఫొటో తీయాలి, ముద్ర పడిన రసీదుతో సహా. ఆ ఫొటోలు ఒక్క తమ్ముడి ఫోన్‌లో ఉండిపోకూడదు. ఎందుకంటే ఆ ఫోన్ నీళ్ళలో పడొచ్చు, ఈఎంఐ కట్టలేక అమ్మేయొచ్చు, తమ్ముడే హైదరాబాద్‌లో సెక్యూరిటీ పనికి పోవచ్చు. సంఘం పేరు మీద ఒక ఈమెయిల్, దానికి ఉచితంగా వచ్చే స్టోరేజీ చాలు. గూడెం పేరుతో ఒక ఫోల్డర్, లోపల ఇంటిపేరుతో ఒక్కో ఫోల్డర్. పక్కన ఒక షీట్: ఎవరు, ఎన్ని ఎకరాలు, ఏ తేదీన ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, జవాబు వచ్చిందా. ఇది చేయడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు, ఇంటర్ చదివే చెల్లె చేస్తది. ఒక ప్రింటు తీసి గ్రామసభ పెట్టెలో పెట్టాలి. నెట్ రాని రోజు కూడా పెట్టె తెరుచుకుంటది కదా.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే అది చిన్నదైపోతది, ఫొటో లోపల దాగి ఉండే తేదీ, చోటు వివరాలు కూడా పోతాయి. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు పోతది. ఫారెస్టోళ్ళు మన చేనులో ట్రెంచి తవ్వారనుకోండి, హరితహారం గుంతలు తీశారనుకోండి, ఆ ఫొటోను గ్రూపుల్లో వంద చోట్లకు ఫార్వర్డ్ చేస్తే కోపం వస్తది, సాక్ష్యం రాదు. తీసిన ఫోన్‌లో అసలు ఫొటో దాచిపెట్టాలి. ఎప్పుడు తీశాం, ఎక్కడ తీశాం, అక్కడ ఎవరెవరున్నారు అని అదే రోజు రెండు లైన్లు రాసుకోవాలి. ఆ తర్వాత పోస్టు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు.

గుజరాత్‌లో నర్మదా జిల్లా డేడియాపాడా ప్రాంతంలో ఆర్చ్ వాహిని అనే సంస్థ చేసిన పని మన వాళ్ళకు తెలియాలి. అక్కడ కూడా ఆదివాసీల దరఖాస్తులను కుప్పలు కుప్పలుగా తిరస్కరించారు. ఉపగ్రహ చిత్రం చూశాం, అక్కడ సాగు కనపడలేదు అన్నారు. అప్పుడు ఊరి పిల్లలే చేతిలో పట్టే జీపీఎస్ పరికరం తీసుకుని, ముసలోళ్ళను వెంటబెట్టుకుని ప్రతి చేను గట్టు వెంట నడిచారు. ఆ గీతలను ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూపించారు. అధికారులు మన మీద వాడిన బొమ్మనే మన సాక్ష్యంగా తిప్పారన్నమాట. కేసు హైకోర్టుకు పోయింది. ఉపగ్రహ చిత్రం ఒక్కదాన్నే పట్టుకుని తిరస్కరిస్తే కుదరదు, మిగతా ఆధారాలు కూడా చూడాలని 2013లో గుజరాత్ హైకోర్టు చెప్పింది. అంతకు ఏడాది ముందే, 2012 సవరణ నిబంధనల్లో కూడా ఇదే రాశారు: ఉపగ్రహ చిత్రాలూ, టెక్నాలజీ ఇతర ఆధారాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదు. ఊరి పెద్దమనుషుల వాంగ్మూలం రాసి పెడితే అది కూడా ఆధారమే అని నిబంధనల్లో ఉంది.

కాబట్టి గట్టు వెంట నడిచే రోజు తాతను ముందు నడిపించండి, ఫోన్ వెనక నడవాలి. ఈ ఇప్పచెట్టు కింద మా నాయన కల్లం పెట్టేవాడు, ఈ రాళ్ళ కుప్ప మా అమ్మమ్మ సమాధి, ఈ ఒర్రె దాటితే పక్క గూడెం పొలిమేర. తాత నోటి నుంచి ఆ మాట వస్తున్నప్పుడు రికార్డు చేయండి. కోయలో చెబితే కోయలోనే రికార్డు చేయండి. తర్వాత కూర్చుని తెలుగులో రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. ఏ యాప్ ఇవ్వలేని మ్యాపు ఆ ముసలాయన తలకాయలో ఉంది. మన దగ్గర ఆయనకు మిగిలిన టైము తక్కువ, చెప్పడానికి బాధగా ఉన్నా అది నిజం.

టెక్నాలజీ మనకు కొత్తేం కాదు, అది మన మీద పని చేయడం కూడా కొత్త కాదు. ఉపాధి హామీలో 2023 జనవరి నుంచి ఫోన్ యాప్‌తోనే హాజరు వేయాలన్నారు, రోజుకు రెండుసార్లు ఫొటో. సిగ్నల్ లేని గుట్ట మీద చెరువు పని చేసిన ఆడోళ్ళు హాజరు పడక కూలి పోగొట్టుకున్నారు. సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకు 4జీ ఇస్తామని 2022లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. టవర్ లేవకముందే యాప్ తప్పనిసరి అయింది. అయితే అదే ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో మస్టర్లు, చెల్లింపుల వివరాలు ఎవరైనా చూసుకునేట్టు పెట్టారు. లిబ్‌టెక్ ఇండియా లాంటి వాళ్ళు ఆ లెక్కలు తవ్వి, కూలి డబ్బు ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో బయటపెట్టారు. అదే సైటు, అదే ఫోన్. ఒకడు మనల్ని లెక్కపెట్టడానికి వాడితే, ఇంకొకడు మన తరఫున లెక్క అడగడానికి వాడాడు.

ఇప్పుడు మైకు సంగతికొస్తా. ప్రచారం పనికిరాదని నేను అనడం లేదు. 2019లో నల్లమల యురేనియం గొడవ చూశాం కదా. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం బోర్లు వేసి వెతకాలని ప్రతిపాదన వచ్చింది. సేవ్ నల్లమల అని హ్యాష్‌ట్యాగ్ లేచింది. సినిమా హీరోలు, దర్శకులు, క్రికెట్ అభిమానులు, ఐటీ ఉద్యోగులు అందరూ పోస్టులు పెట్టారు. ఆ సెప్టెంబర్‌లోనే తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. గొప్ప విజయమే, ఎవరు కాదన్నారు.

అయితే ఆ కథ చెప్పేటోళ్ళు ఎప్పుడూ హీరో ట్వీటు నుంచి మొదలుపెడతారు. హీరో ట్వీటుకు చాలా ముందే అమ్రాబాద్, పదర మండలాల్లో జనం రోడ్ల మీద కూర్చున్నారు. చెంచు పెంటల్లో మాట్లాడుకున్నారు. రిలే దీక్షలు, బందులు జరిగాయి. కింద నేల గట్టిగా ఉంది కాబట్టే పైన హ్యాష్‌ట్యాగ్ నిలబడ్డది. నాకు మనసులో ఇంకా గుచ్చుకునేది వేరే ఉంది. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన పోస్టర్లలో పులి ఉంది, జలపాతం ఉంది, కృష్ణా నీళ్ళు విషమైతే హైదరాబాద్ ఏం తాగుతుందన్న భయం ఉంది. చెంచు మనిషి మాత్రం ఒక మూలకున్నాడు. యురేనియం వద్దన్నోళ్ళలో ఎంతమంది, రేపు పులుల కోసం చెంచులను అడవి దాటించాలన్నప్పుడు కూడా వద్దంటారు? ప్రచారం చేసే సంస్థలు ఈ తేడాను దాచకూడదు. అడవిని కాపాడండి అనే పోస్టుకు లక్ష లైకులు వస్తాయి, అడవిలో మనిషి హక్కును కాపాడండి అంటే వెయ్యి వస్తాయి. ఆ వెయ్యి మనవి. వాటినే పెంచుకోవాలి.

మనకు తోడుండే సంస్థల వాళ్ళు కూడా ఈ పేజీ చదువుతారని తెలుసు. మీ మీద కోపంతో రాయడం లేదు. మీలో కొందరు లేకపోతే మా గూడేల్లో చాలామందికి చట్టం పేరు కూడా తెలిసేది కాదు. కానీ ఫొటోల విషయంలో మాత్రం మాట్లాడుకోవాల్సిందే. ఒక సంస్థ వాళ్ళు దుప్పట్లు పంచడానికి వచ్చి, దుప్పటి ఇచ్చేముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి, మళ్ళీ నవ్వమని ఇంకోసారి మా గూడెం ముసలోళ్ళను నిలబెట్టారు. చలికి వణుకుతూ నిలబడ్డ మనిషిని నవ్వమనడం ఏం మర్యాద? అడిగితే, దాతలకు చూపించాలి బాబూ, లేకపోతే వచ్చే ఏడాది రావు అన్నారు. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది, నిజమే. కానీ దాతకు చూపించాల్సింది లెక్క, ముసలోడి మొహం కాదు. ఎన్ని దుప్పట్లు, ఎంత ఖరీదు, ఏ గూడేలు, రవాణాకు ఎంత పోయింది. ఇది ఒక పేజీలో రాసి పెడితే ఏ దాత కాదంటాడు? విదేశీ విరాళాల వివరాలు మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధన ఒకటుండేది, 2022లో దాన్ని తీసేశారు. ప్రభుత్వం తీసేసిందని మీరూ మానేయాలని లేదు కదా. తెలుగులో, మా ఊరోళ్ళకు అర్థమయ్యేట్టు పెట్టండి. మా పేరు మీద ఎంత వచ్చిందో మాకు తెలిసే హక్కుంది.

ఫొటో తీసేముందు అడగడం అంటే ఫొటో తీసుకోవచ్చా అని ఒక మాట అని క్లిక్ కొట్టడం కాదు. ఇది ఎక్కడ పెడతారు, ఎవరు చూస్తారు, తర్వాత వద్దంటే తీసేస్తారా అన్నది మా భాషలో చెప్పాలి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచారం మీద చట్టం చేసింది. ఎందుకో చెప్పి, మనిషి ఒప్పుకున్నాక తీసుకోవాలన్నది అందులో ప్రధానమైన మాట. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలైతే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. ఆశ్రమ పాఠశాల పిల్లల ఫొటోలు ఊరూ పేరుతో సహా పెట్టేటోళ్ళు దీన్ని కొంచెం చదువుకుంటే బాగుంటది. అండమాన్ జరావాల సంగతి మర్చిపోలేం. తిండి ఆశ చూపి జరావా ఆడపిల్లలను టూరిస్టుల ముందు ఆడించిన వీడియో 2012లో బయటికొచ్చి ప్రపంచమంతా తలదించుకుంది. దుప్పటి ఇచ్చి నవ్వమనడం దానంత ఘోరమని అనను. కానీ రెండు చోట్లా కెమెరా పట్టుకున్నోడే, కెమెరా ముందున్నోడు ఏం చేయాలో చెబుతున్నాడు.

మరి మన గొంతు మనమే ఎట్లా పంపాలి? దీనికి మన పక్కనే ఒక దారి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర మొదలైంది. శుభ్రాంశు చౌదరి అనే జర్నలిస్టు, ఆయన మిత్రులు పెట్టారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువు రానక్కర్లేదు. మామూలు బటన్ ఫోన్ నుంచి ఒక నంబర్‌కు చేసి తన మాట రికార్డు చేస్తే చాలు, గోండీలో కూడా. ఆ మాటను సరిచూసి పెడతారు, మిగతా వాళ్ళు అదే ఫోన్‌లో వింటారు. మా ఊళ్ళో బోరింగు పాడైంది, మాకు కూలి రాలేదు అని ఒకరు చెబితే, విన్నవాళ్ళు పట్నం నుంచి ఆ అధికారికి ఫోన్ చేసి అడుగుతారు. పని జరిగితే మళ్ళీ ఆ ఊరి మనిషే ఫోన్ చేసి జరిగిందని చెబుతాడు. దీంట్లో నాకు నచ్చింది మిషన్ కాదు. ఫిర్యాదు చేసిన మనిషి గొంతు అదే గొంతుగా బయటికి వెళ్ళడం. మధ్యలో ఎవడూ దాన్ని చక్కగా దిద్ది, ఇంగ్లీషులోకి మార్చి, తన పేరు పెట్టుకోలేదు.

మన గ్రూపుల్లో ఇది రేపటి నుంచే చేయొచ్చు. మన అమ్మలకు తెలుగు చదవడం రాకపోవచ్చు, వాయిస్ మెసేజ్ నొక్కడం మాత్రం ఎప్పుడో నేర్చుకున్నారు. సంఘం మీటింగులో ఏం నిర్ణయించారో నాలుగు పేజీల టైపు చేసిన నోటు బదులు రెండు నిమిషాల కోయ వాయిస్ పెట్టండి. తునికాకు కట్ట రేటు, కల్లం ఎప్పుడు మొదలు, గిరిజన దర్బార్‌కు ఏయే కాగితాలు తీసుకుపోవాలి. తెలుగు రానిది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ భాషలో చెప్పకపోవడం మన లోపం.

లిపి గురించి కూడా ఒక మాట. ఆదిలాబాద్ గుంజాల ఊళ్ళో దొరికిన రాతప్రతుల్లోని గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. మసారాం గోండీ లిపి అంతకు ఏడాది ముందే వచ్చింది. సంతాలీ వాళ్ళనైతే చూసి అసూయపడాలి. రఘునాథ్ ముర్ము 1925లో తయారుచేసిన ఓల్ చికి లిపి 2008లో యూనికోడ్‌లో చేరితే, 2018లో ఆ లిపిలోనే సంతాలీ వికీపీడియా తెరిచారు. రాసింది మొత్తం వాళ్ళ పిల్లలే, జీతం లేకుండా. మనం కోయను తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు, అది ఆగాల్సిన పని కాదు. ఒక్క గూడెం నుంచి వంద చెట్ల పేర్లు కోయలో రాసినా, మన పిల్లలకు ఫోన్‌లో కనపడే మొదటి కోయ మాటలు అవే అవుతాయేమో.

అయితే అన్నీ పెట్టేయకూడదు. ఏ మొక్క ఏ జ్వరానికి పనికొస్తుందో, అది ఏ గుట్ట మీద దొరుకుతుందో వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టే తమ్ముళ్ళను చూస్తున్నా. వ్యూస్ వస్తున్నాయని సంబరం. రెండు నెలలకు ఆ గుట్ట మీద ఆ మొక్క ఉంటదా? వేల్పుల చోట్లు, కొలుపు జరిగే చోట్ల లొకేషన్ పెట్టడం కూడా అంతే. అక్కడికి రేపు డ్రోన్ పట్టుకుని టూరిస్టు వస్తాడు. ఏది చూపించాలో, ఏది దాచాలో ఒక్క అడ్మిన్ నిర్ణయించే విషయం కాదు, పెద్దలను అడగాలి, గ్రామసభలో పెట్టాలి.

ఆడబిడ్డ మీద అఘాయిత్యం జరిగినప్పుడు న్యాయం కావాలని ఆ అక్క పేరు, ఫొటో, ఊరు అన్నీ పెట్టి తిప్పేస్తున్నాం. కోపంలో చేస్తున్నామని తెలుసు. కానీ బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. చట్టం పక్కన పెట్టండి, ఆ అక్క మళ్ళీ సంతకు పోవాలి కదా, నీళ్ళ పంపు దగ్గర నిలబడాలి కదా. పుకార్ల సంగతి కూడా ఇట్లాంటిదే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేటోళ్ళు వచ్చారన్న వాట్సాప్ మెసేజులు నమ్మి మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకులను కొట్టారు. ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అని వాట్సాప్ హద్దు పెట్టింది ఆ తర్వాతే. 2024 సెప్టెంబర్‌లో జైనూర్ ఘటన తర్వాత గొడవలు లేస్తే ఇంటర్నెట్టే ఆపేశారు. నెట్ ఆపేసిన రోజు మన సంఘం ఎట్లా మాట్లాడుకుంటది? ప్రతి గూడెంలో ఇద్దరి నంబర్లు కాగితం మీద రాసి ఉన్నాయా? మామూలు ఫోన్ కాల్‌తో ఒకరి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి మాట పోయే ఏర్పాటుందా? ముందు తరం వాళ్ళు డోలు కొట్టి కబురు పంపారు, మనకు డేటా ప్యాక్ అయిపోతే నోరు పడిపోతుంది.

చివరిగా నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, ఎవరూ మాట్లాడనిది చెబుతా. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

మన సంఘాల పేజీలు, గ్రూపులు దాదాపు అన్నీ ఒక్క మనిషి సొంత నంబర్ మీద ఉంటాయి. ఆ మనిషికి ఉద్యోగం వస్తే పేజీ పడుకుంటది. ఆ మనిషి పార్టీలో చేరితే పేజీ కూడా పార్టీలో చేరుతుంది. ఎలక్షన్ ముందు రోజు రాత్రి ప్రొఫైల్ బొమ్మ మారిపోయి, పోడు పోరాటం పేజీలో ఎవరిదో రోడ్ షో లైవ్ వస్తది. పదివేల మంది మన వాళ్ళు సంఘం అనుకుని చేరిన చోటు, రాత్రికి రాత్రే ఒకడి ఆస్తి అయిపోయింది. భూమి పట్టా ఒకడి పేరు మీద, సాగు ఊరంతా చేస్తే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

కాబట్టి సంఘానికి ఒక సిమ్ కొనండి, సంఘం పేరు మీద. పేజీకి కనీసం ముగ్గురు అడ్మిన్లు ఉండాలి, ముగ్గురూ ఒకే ఇంటోళ్ళు, ఒకే ఊరోళ్ళు కాకూడదు, ఒకరైనా ఆడమనిషి ఉండాలి. రెండంచెల పిన్ పెట్టి, ఆ పిన్ సీలు కవర్లో రిజిస్టర్ దగ్గర ఉంచాలి. అడ్మిన్ పోటీ చేస్తే, పార్టీ పదవి తీసుకుంటే ఆ రోజే దిగిపోవాలి. ఇదంతా మాట వరసకు కాదు, తీర్మానం రాసి సంతకాలు పెట్టించాలి. ఆడమనిషి ఎందుకంటే, మన గూడేల్లో ఫోన్ ఇప్పటికీ మగోడి జేబులోనే ఉంటది. అటవీ హక్కుల గ్రామసభలో సగం మంది సభ్యులు ఉండాలని, వచ్చిన వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలని నిబంధనల్లో రాశారు. మన వాట్సాప్ గ్రూపుకు ఆ కోరం పెడితే ఎన్ని గ్రూపులు నిలబడతాయి? మా మండలం గ్రూపు లెక్క చూశాను, నిలబడదు. అక్కలను చేర్చడమంటే నంబర్ యాడ్ చేయడం కాదు, రాత్రి పది గంటలకు మగోళ్ళు తాగి పెట్టే వాయిస్‌లను ఆపడం కూడా.

తోడుండే సంస్థలకు ఇక్కడే ఒక పని ఉంది. మా కోసం కొత్త యాప్ చేయొద్దు. ప్రాజెక్టు అయిపోయాక ఆ యాప్ తెరుచుకోదు, అందులో ఎక్కించిన మా ఊరి వివరాలు ఏ సర్వర్‌లో ఉన్నాయో మాకు తెలియదు. సర్వే చేస్తే ఆ షీట్ కాపీ గ్రామసభకు ఇచ్చి వెళ్ళండి. ట్రైనింగ్ ఇస్తే మా చెల్లెళ్ళకు ఇవ్వండి, కోయలో ఇవ్వండి. ఒక పాత లాప్‌టాప్, ఒక ప్రింటర్, ఏడాది రీఛార్జ్. దుప్పట్ల కంటే దీనికి ఖర్చు తక్కువే, ఫొటోకు మాత్రం అంత అందంగా రాదు.

మా వైపు పిల్లలం ఈ వేసవిలో తునికాకు అయిపోగానే ఒక పని పెట్టుకున్నాం. ఒక్కో గూడెం పోయి, దరఖాస్తు పెట్టి జవాబు రాని ఇళ్ళు ఎన్నో రాసుకోవడం, ఉన్న కాగితాలన్నీ ఫొటో తీసి గూడెం ఫోల్డర్‌లో వేయడం, జవాబు కోసం సబ్ డివిజన్ కమిటీకి గ్రామసభ పేరుతో ఉత్తరం పెట్టడం. ఉత్తరానికి ముద్ర వేయించుకున్న రోజున మాత్రమే ఒక పోస్టు పెడతాం, ముద్ర కనపడేట్టు, ఇంటి పేర్లు కనపడకుండా. మీ గూడెంలో కూడా మొదలుపెడితే, షీట్‌లో ఏయే గడులు పెట్టుకున్నామో పంపిస్తాం, మీకు అవసరమైనవి కలుపుకోండి. ముందు కప్పులో చెక్కి ఉన్న ఆ ప్లాస్టిక్ కవర్లు దింపండి, వానాకాలం దగ్గరికొచ్చింది.